ఎలిజబెత్ సిడాల్ జీవితం అర్థం కావాలంటే బొమ్మలు ఏ వరసలో చూడాలి

ఎలిజబెత్ సిడాల్ పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీష్ పెయింటర్, మోడల్ కూడా. ఆవిడ పేరు సెర్చ్ కొడితే ముందు ఒఫీలియా బొమ్మే వస్తుంది, షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో నీళ్ళలో మునిగి చనిపోయే అమ్మాయిగా ఆవిడ ఏట్లో వెల్లకిలా తేలుతూ ఉంటుంది కదా అది. దయచేసి దాంతో మొదలుపెట్టకండి, అది చూశాక ఆవిడ మనకి చచ్చిపోయే మనిషిలాగే గుర్తుండిపోతుంది.

ముందు ఆవిడ తన మొహం తనే వేసుకున్న బొమ్మ చూడండి. 1853-54లో వేసిన చిన్న గుండ్రటి ఆయిల్ పెయింటింగ్. అందంగా కనపడాలనే తాపత్రయం అందులో అస్సలు లేదు, బరువైన కనురెప్పలు, బిగించిన పెదాలు, ఉన్నదున్నట్టు వేసుకుంది. పక్క ట్యాబ్‌లో ఆవిడ భర్త, పెయింటర్, కవి అయిన డాంటే గాబ్రియేల్ రోసెట్టి 1860లో ఆవిణ్ణే వేసిన రెజీనా కార్డియమ్ పెట్టుకుని రెండూ మార్చి మార్చి చూడండి. అదే మనిషి, కానీ బంగారు రంగు బ్యాక్‌గ్రౌండ్, మెడలో పూసలు, చేతిలో పువ్వు. ఈ రెండిటి మధ్య తేడాలోనే ఆవిడ కష్టం సగం తెలుస్తుంది అంటాను నేను.

ఇప్పుడు ఒఫీలియా. లండన్‌లో టోపీల షాపులో పనిచేసిన అమ్మాయి, మోడల్‌గా వచ్చింది, 1852 చలికాలంలో మిలే అనే పెయింటర్ కోసం గవర్ స్ట్రీట్‌లో నీళ్ళు నింపిన తొట్టిలో పడుకుంది, నీళ్ళు చల్లారకుండా కింద పెట్టిన దీపాలు ఆరిపోయినా ఆయన చూసుకోలేదు, ఆవిడ నోరెత్తలేదు, జబ్బు పడింది. డాక్టర్ ఖర్చుకి 50 పౌండ్లు ఇమ్మని వాళ్ళ నాన్న అడిగాడు.

తర్వాత ఒక కాగితం మీద ఈ సంవత్సరాలు రాసుకోండి. 1855, కళా విమర్శకుడు రస్కిన్ ఆవిడ బొమ్మలకి ఏడాదికి 150 పౌండ్లు ఇస్తానన్నాడు. 1857, లండన్‌లోని రస్సెల్ ప్లేస్ ఎగ్జిబిషన్‌లో ఆవిడ బొమ్మలు పెట్టారు, ఆడవాళ్ళలో ఆవిడొక్కతే. పెళ్ళి మాత్రం ఏళ్ళ తరబడి నాన్చి నాన్చి 1860 మే 23న హేస్టింగ్స్‌లో జరిగింది, అప్పటికే ఆరోగ్యం పాడైపోయింది. 1861లో ఆడపిల్ల చనిపోయి పుట్టింది. 1862 ఫిబ్రవరి 11న లాడనమ్, అంటే నల్లమందు కలిపిన మందు, ఎక్కువై చనిపోయింది, 32 ఏళ్ళకే. అప్పట్లో అది డాక్టర్ చీటీ లేకుండానే షాపుల్లో దొరికేది.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదవాలి. విచారణలో తేల్చింది ప్రమాదవశాత్తు మరణం అని, ఆత్మహత్య ఉత్తరం రాసిపెట్టిందనే మాట తర్వాత చెప్పుకున్నది, రెండూ కలిపేయకండి. రోసెట్టి తన కవితల రాతప్రతిని ఆవిడతో పాటు లండన్‌లోని హైగేట్ శ్మశానంలో సమాధి చేశాడు, 1869లో తవ్వించి తీయించుకున్నాడు, అది నిజమే. తవ్విన రాత్రి మాత్రం ఆయన అక్కడ లేడు. శవపేటిక నిండా జుట్టు పెరిగి మెరుస్తూ ఉందనేది మాత్రం కట్టుకథ, చనిపోయాక జుట్టు పెరగదు.

బేయాటా బేయాట్రిక్స్ చివర్లో చూడండి. ఆవిడ పోయాక రోసెట్టి వేసిన బొమ్మ అది, ఎర్ర పిట్ట తెల్ల గసగసాల పువ్వు తెచ్చి చేతుల్లో వేస్తుంటుంది, నల్లమందు వచ్చేది ఆ జాతి మొక్కనుంచే, అది తెలిసి చూస్తే గుండె పిండేస్తుంది.

లండన్ వెళ్ళేవాళ్ళకి, ఒఫీలియా, బేయాటా బేయాట్రిక్స్ రెండూ టేట్ బ్రిటన్‌లో ఉంటాయి. ఆవిడ వాటర్ కలర్స్ కూడా కొన్ని ఉన్నాయి కానీ కాగితం మీదవి కాబట్టి వెలుతురు తగలకుండా దాస్తారు, అన్నిసార్లూ గోడ మీద ఉండవు, ముందే రాసి అపాయింట్‌మెంట్ అడగండి.