హోమ్ సైన్స్ అంటే వంటల క్లాసేనా అని అడిగితే ఇలా చెప్పండి
తిరుపతిలో హోమ్ సైన్స్ చదివానని చెప్పగానే "వంట నేర్చుకోడానికి డిగ్రీ ఎందుకమ్మా" అనే మాట మీకూ ఎదురయ్యే ఉంటుంది. బాధేస్తుంది, నిజమే. కానీ వాదించకండి, వాళ్లింటి కంచంలోంచే మొదలుపెట్టండి.

మన చిత్తూరు వైపు తినే రాగి సంగటినే తీసుకోండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని, షుగర్ ఉన్న పెద్దాయన ఎంత ముద్ద తినాలో, పక్కన ఏ పప్పు, ఏ ఆకుకూర వేసుకోవాలో లెక్కగట్టి చెప్పేది ఈ చదువేనని చెప్తే, ఎదుటివాళ్లు వెంటనే వాళ్ల నాన్న గురించి అడుగుతారు. అక్కడే సగం పని అయిపోతుంది.

పిల్లల ఎదుగుదల, బట్టల నాణ్యత, ఇంటి బడ్జెట్ కూడా ఇందులోవేనని చెప్పండి. ఆసుపత్రిలో డైటీషియన్లు, 1975లో మొదలైన అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్లు ఈ చదువు నుంచి వచ్చినవాళ్లున్నారు.

సర్పంచ్‌నో, ప్రిన్సిపాల్‌నో కలిసి ఈ చదువు విలువ చెప్పాలంటే ఒక్క పేజీ చాలు: ఏ ఊళ్లో పనిచేశారు, ఎంతమంది పిల్లల బరువు తూచారు, మొదట ఎంత, మూడు నెలలకు ఎంత. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు. పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివే చెల్లెళ్లూ, మీ ఫీల్డ్ వర్క్ రికార్డులు పారేయకండి, ఆ పేజీ వాటిలోంచే వస్తుంది.