వాడిన అడ్వెంచర్ బైక్ కొనే ముందు జాగ్రత్తలు

ఛాసిస్ నంబరు పత్రాలతో సరిపోలకపోతే బేరమే మొదలుపెట్టకూడదు. ఇంజిన్ చల్లారి ఉన్నప్పుడే బండి చూపించమని అమ్మేవారిని ముందుగానే కోరాలి; వెళ్లేసరికి అది వేడిగా ఉంటే, స్టార్టింగ్ లోపాన్ని దాచారేమోనని అనుమానించాలి.

రాళ్ల దారుల్లో తిరిగిన బండి అసలు సంగతి అడుగుభాగంలోనే తెలుస్తుంది కాబట్టి, టార్చి వేసి వంగి చూడాలి. ఇంజిన్‌ అడుగున రక్షణగా ఉండే బ్యాష్ ప్లేట్‌పై గీతలు సహజమే గానీ, దాని వెనుక క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగపు లోహపు పెట్టె) పగిలితే అతికించిన గుర్తులు కనిపిస్తే ఆ బండిని వదులుకోవడమే మేలు.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ గొట్టాన్ని వేలితో నిమిరినప్పుడు నూనె జిడ్డు అంటితే, లోపలి నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లు పోయినట్టే. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు, సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఆగితే, స్టీరింగ్ బేరింగులు అరిగాయని గ్రహించాలి. చైన్, టైర్ల అరుగుదలను ధర తగ్గించుకోవడానికి వాడుకోవచ్చు.