తుఫాన్ల కాలం రాకముందే డాబా తూములు చూసుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి అసలు భయం సెప్టెంబరు చివర మొదలవుతుంది. 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటింది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గరకి వచ్చేసింది. అందుకే వినాయక చవితి నాటికి డాబా మీద పని ముగించండి.

1000 చదరపు అడుగుల స్లాబు మీద నాలుగంగుళాల నీరు నిలిస్తే తొమ్మిది టన్నుల పైమాటే. తూము మూసుకుపోయి, చుట్టూ పిట్టగోడ ఉంటే ఆ బరువంతా ఇంటి మీదే.

జాలి మీద చెత్త ఏరేస్తే పని అయిపోయినట్టు కాదు. అడ్డం ఎక్కువగా పైపు మొదటి వంపులో ఉంటుంది: ఇల్లు కట్టినప్పటి సిమెంటు గడ్డ, దాన్ని పట్టుకుని ఓ పాలిథిన్ కవరు, దాని మీద కుళ్లిన బాదం ఆకులు. కింద ఒకరిని నిలబెట్టి, పైనుంచి రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారిగా పొయ్యండి. కింద ధార దూకాలి. సన్నగా కారుతూ పైన బుడగలొస్తే లోపల అడ్డం ఉన్నట్టే. కర్రతో పొడిస్తే అది ఇంకా బిగుసుకుంటుంది, ప్లంబరుతో వంపు విప్పించండి. చదును జాలికి నాలుగు ఆకులు చాలు, మూతపడిపోడానికి. పైకి ఉబ్బెత్తుగా ఉండే జాలి వేయించండి.

ఒక్క తూమునే నమ్ముకోవద్దు. పిట్టగోడకి, స్లాబు మీద రెండంగుళాల ఎత్తున, ఇంకో కన్నం పెట్టించండి. తూము పూడినా నీరు అటు పోతుంది. ఖర్చు చాలా తక్కువ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

వాన వెలిశాక నీరు నిలిచిన మడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గియ్యండి. ఆరాక మేస్త్రికి చూపిస్తే వాలు ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. తూము వైపు ఎనిమిది అడుగులకి ఓ అంగుళం వాలుండాలి. పై అంతస్తు కోసం వదిలిన చువ్వల మొదళ్లు కూడా చూడండి, చెమ్మ దిగేది అక్కడినుంచే.

గాలివాన మొదలయ్యాక తూము తియ్యడానికి ఎవరూ పైకి వెళ్లొద్దు. తుఫాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని భాగం, మన మీదుగా పోతుంటే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని డాబా ఎక్కితే, కాసేపటికి ఎదురు దిక్కునుంచి అంతే గాలి కొడుతుంది. పాచి పట్టిన స్లాబు మీద కాలు నిలవదు. స్లాబు ఉరిసి ఫ్యాను దగ్గర తడి కనిపిస్తే, స్విచ్ ముట్టుకోకుండా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.