నారాయణపేట నేల కింది మాంటిల్‌ను గార్నెట్ గింజల్లో చదవడం ఎలా

గానుగ ఆడించాక మిగిలిన పల్లిచెక్కను నలిపి చూస్తే నూనె ఎంత దిగిందో తెలిసిపోతుంది. ఖండాల పుట్టుక కూడా అలాగే తెలుస్తుంది. భూమి పెంకు కింద ఉండే మందపాటి శిలల పొర మాంటిల్. అది కరిగినప్పుడు ద్రవం పైకి వచ్చి పెంకుగా మారింది. ఆ పెంకు మళ్ళీ కరిగి మన బూడిదరంగు నైస్‌లు (చారల బండలు), గ్రానైట్లు ఏర్పడ్డాయి. తేలికైన పిప్పి కిందే ఉండిపోయి ఖండానికి అడుగు కట్టింది. కోటకొండ, మద్దూరు చుట్టుపక్కల సుమారు 110 కోట్ల ఏళ్ళ కింద పైకి తన్నుకొచ్చిన కింబర్లైట్లు (మాంటిల్ లోతుల్లోంచి పేలి వచ్చిన అగ్నిశిలలు) ఆ అడుగును తాకుతూ, అందులోని గార్నెట్ అనే ఖనిజం గింజల్ని మోసుకుంటూ వచ్చినవే. నల్గొండ జిల్లా రామడుగు దగ్గరి లాంప్రోయిట్లూ (అలాంటివే మరో రకం శిలలు) అడుగు మాంటిల్ కబురు చెబుతాయి. అయితే మొదలుపెట్టడానికి కింబర్లైటే మేలు.

ఇసుక ఎక్కడ, ఎంత

కింబర్లైట్ గుట్టగా నిలబడదు, తొందరగా కుళ్ళి సున్నపు గడ్డలు కలిసిన మెత్తని మట్టి అవుతుంది. చెలకల్లో వరుసగా నిలబడే నల్లరాళ్ళు చాలావరకు డోలరైట్ అనే వేరే శిల, వాటి వెంట పడితే రోజు వృథా. బావి తవ్విపోసిన మట్టిదిబ్బలో ఆకుపచ్చగానో బూడిదరంగులోనో చేతితో నలిగే రాయి ఉందేమో చూడండి. రైతును అడగకుండా చేనులో కాలు పెట్టకండి.

దిబ్బ కింది వాగులో, బండ అడ్డొచ్చి నీరు నెమ్మదించే చోట 20–30 కిలోల ఇసుక తీయండి. 2 మిల్లీమీటర్ల జల్లెడలో ఆగిందీ, 0.3 మిల్లీమీటర్ల జల్లెడలోంచి జారిందీ పారేయండి. మధ్య రకాన్ని వెడల్పు తట్టలో బియ్యం గాలించినట్టు గాలించండి. క్వార్ట్జ్ సాంద్రత 2.65, మనం వెతికే పైరోప్ రకం గార్నెట్‌ది 3.6 పైన, కాబట్టి తేలికైనది నీటితో వెళ్ళిపోతుంది. తట్టను గట్టిగా విసిరితే గార్నెట్ కూడా పోతుంది. అనుమానం ఉంటే గాలించి పోసిన ఇసుకను ఇంకోసారి గాలించండి. చివరికి అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి పైపైన తిప్పండి, మాగ్నెటైట్ (నల్లటి ఇనుప ఖనిజం) అంటుకుంటుంది. కవర్ తీస్తే రాలిపోతుంది.

ఏరడం

మిగిలినదాన్ని తెల్లకాగితం మీద పోసి, పగటి వెలుగులో పది రెట్ల లెన్స్‌తో చూడండి. పసుపు వెలుగు బల్బు కింద ఏరవద్దు. ఊదా గింజలు అక్కడ ఎర్రగా కనబడి మోసం చేస్తాయి. మీకు కావలసిన క్రోమ్ పైరోప్, అంటే క్రోమియం కలిసిన మాంటిల్ గార్నెట్, అల్లనేరేడు పండును నలిపిన రంగులో ఉంటుంది. దాని చుట్టూ మసిపూసినట్టు సన్నని నల్లటి పొర ఉంటే ఇంకా మంచిది, అది మాంటిల్ నుంచి పైకి వస్తూ గార్నెట్ అంచు మార్పు చెందిన గుర్తు. నారింజ, గోధుమ ఛాయ గార్నెట్ మన నైస్‌దే కావచ్చు, పక్కన పెట్టండి. పచ్చ మరకతంలాంటి క్రోమ్ డయోప్సైడ్ కనబడితే సంతోషించండి: అది త్వరగా కుళ్ళే ఖనిజం, అంటే మూలం దగ్గరే ఉంది. నారాయణపేట కింబర్లైట్లలో వజ్రాలు ఆశించి వచ్చినవారు నిరాశపడ్డారు, మనకు మాత్రం ఈ గింజలే చాలు.

కనీసం 50 గింజలు కావాలి. నాలుగు గింజలతో ఖండం చరిత్ర రాయకూడదు.

లెక్క

గింజలను ఎపాక్సీలో పోసి సగం అరిగేదాకా పాలిష్ చేయించి, ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌లో (గింజలో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే ల్యాబ్ యంత్రం) అంచును వదిలి మధ్యలో మూడు చోట్ల కొలిపించండి. క్రోమియం ఆక్సైడ్ శాతాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని కాల్షియం ఆక్సైడ్ శాతంలోంచి తీసేయండి. క్రోమియం 6, కాల్షియం 4.2 అనుకుందాం: 4.2 – 1.5 = 2.7. ఇది 3.375 కంటే తక్కువైతే హార్జ్‌బర్గైట్ గార్నెట్, అంటే క్లైనోపైరాక్సీన్ అనే ఖనిజం కరిగి పోయేంతగా నూనె దిగిన పిప్పి. 5.6 కాల్షియంతో అదే లెక్క చేస్తే 4.1 వస్తుంది, అది లెర్జోలైట్, అంటే అంతగా నూనె దిగని మాంటిల్ రాయి. ఆలివిన్ (మాంటిల్‌లోని ఆకుపచ్చ ఖనిజం) దొరికితే మెగ్నీషియం సంఖ్య, అంటే మెగ్నీషియం, ఇనుము కలిపిన పరమాణువుల్లో మెగ్నీషియం శాతం, చూడండి: పాత ఖండాల అడుగున 92–93, సముద్రాల కింద సుమారు 90. ఆలివిన్ ఎక్కువగా నీటితో కలిసి సర్పెంటైన్ అనే ఖనిజంగా మారిపోతుంది కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

వయసు

గార్నెట్ రసాయనం ఎంత కరిగిందో చెబుతుంది, ఎప్పుడో చెప్పదు. దానికి చేతికందేంత మాంటిల్ రాయి ముక్క కావాలి. అలాంటివి అనంతపురం జిల్లా వజ్రకరూరు, లత్తవరం కింబర్లైట్ పైపుల్లో (నిలువు గొట్టాల్లా నేలలోకి దిగిన శిలల్లో) దొరుకుతాయి. నారాయణపేటా, ఇవీ తూర్పు ధార్వాడ్ అనే ఒకే పాత ఖండభాగం కిందివే. ముక్క చుట్టూ ఒక సెంటీమీటరు పొర కోసి పారేయండి. ఇది మరిస్తే అంతా పోయినట్టే: కింబర్లైట్‌లోని రీనియం అనే లోహం రాతిలోకి చొరబడి వయసును తప్పు చూపిస్తుంది. పొడి చేయడానికి అగేట్ రోలే వాడించండి.

మాంటిల్ కరిగితే రీనియం ద్రవంతో పోతుంది, ఆస్మియం అనే మరో లోహం రాతిలో ఉండిపోతుంది. రీనియం‑187 ఆస్మియం‑187గా మారడం అక్కడితో దాదాపు ఆగిపోతుంది. అందుకే ఆస్మియం 187/188 నిష్పత్తి ఆగిన గడియారంలా ఉంటుంది. కరగని మాంటిల్‌లో నేడు సుమారు 0.127 ఉంటే, మీ రాతిలో 0.109 వచ్చిందనుకోండి. తేడా 0.018ని కరగని మాంటిల్ రీనియం‑ఆస్మియం నిష్పత్తి 0.402తో భాగిస్తే 0.0448. దానికి 1 కలిపి సహజ లాగరిథమ్ తీసి, రీనియం ఏటా మారే రేటు 1.666 × 10⁻¹¹తో భాగిస్తే దాదాపు 263 కోట్ల ఏళ్ళు. రీనియం మొత్తం పోయిందని ఊహించి చేసిన లెక్క కాబట్టి ఇది కనీస వయసు. రాతిలో ఇంకా రీనియం ఉంటే, కింబర్లైట్ పేలాక తయారైన ఆస్మియంను ముందు తీసేసి చూడాలి.

ఇప్పుడు దీన్ని మహబూబ్‌నగర్ బండల జిర్కాన్ (పెంకు వయసు చెప్పే ఖనిజం) వయసులతో పోల్చండి. తూర్పు ధార్వాడ్ గ్రానైట్లలో చాలావరకు 270–250 కోట్ల ఏళ్ళవి. అడుగు వయసు అదే దరిదాపుల్లో గుంపుగా వస్తే, పెంకూ అడుగూ ఒకే కాలంలో పెరిగాయని చెప్పవచ్చు. అడుగు బాగా పాతదైతే, పాత ఖండం మీద కొత్త శిల పోసినట్టు. అడుగు వయసు తక్కువైతే వెంటనే సంబరపడకండి, మొదట ఆ రాతిలో మైకా ఉందేమో మైక్రోస్కోప్‌లో చూడండి. ఉంటే, తర్వాత వచ్చిన ద్రవాలు రాతిని మార్చి ఉంటాయి, ఆ ఒక్క నమూనాను లెక్కలోంచి తీసేసి మిగతావాటితో మళ్ళీ చూడండి.