ఆబ్లివియన్ రింగ్ కార్డు: తేడా ఎక్కడొస్తుంది, ఎలా సరిచేయాలి

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఈ తెల్ల ఎన్‌చాంట్‌మెంట్ (టేబుల్ మీద నిలిచి ఉండే మంత్రం కార్డు) 2007లో లోర్విన్ సెట్‌తో వచ్చింది. ఖర్చు మూడు మానా (కార్డులు వేయడానికి వాడే శక్తి): ఒకటి తెల్లది, మిగతా రెండు ఏ రంగైనా సరే. కార్డు మీద రెండే వాక్యాలుంటాయి. రింగ్ బాటిల్‌ఫీల్డ్‌లోకి, అంటే టేబుల్ మీద ఆటలోకి రాగానే, ల్యాండ్ (మానా ఇచ్చే కార్డు) కాని మరో పర్మనెంట్‌ను (టేబుల్ మీద నిలిచేదాన్ని) టార్గెట్ చేసి ఎగ్జైల్ చేయాలి, అంటే ఆట బయట పెట్టాలి. రింగ్ బాటిల్‌ఫీల్డ్ వదిలినప్పుడు ఆ కార్డు దాని ఓనర్ కంట్రోల్‌లోకి తిరిగొస్తుంది. ఇవి రెండు వేర్వేరు ట్రిగ్గర్లు, అంటే ఏదైనా జరిగినప్పుడు వాటంతటవే మొదలయ్యే ఎఫెక్ట్‌లు. రెంటినీ కలిపి ఒకే ఎఫెక్ట్‌గా చదవడం వల్లే ఈ కార్డు మీద ఎక్కువ వాదనలు వస్తాయి. పాత ప్రింటుల్లో ఎగ్జైల్ అన్న మాటకు బదులు ఆట నుంచి తీసేయమని రాసి ఉంటుంది. అర్థం మాత్రం అదే.

సమస్య: ఎదుటివాళ్ల రింగ్‌ను నాశనం చేశాను, అయినా నా క్రీచర్ (దాడి చేసే ప్రాణి కార్డు) వెనక్కి రాలేదు.

రింగ్‌ను ఎప్పుడు నాశనం చేశారో చూడండి. రింగ్ వచ్చింది, మీ క్రీచర్‌ను టార్గెట్ చేస్తూ మొదటి ట్రిగ్గర్ స్టాక్ (అమలు కోసం ఎదురుచూసే వాటి వరుస) మీదికెక్కింది. అది ఇంకా రిజాల్వ్ కాకముందే (అమలు కాకముందే) మీరు ఎన్‌చాంట్‌మెంట్‌ను నాశనం చేసే డిస్ఎన్‌చాంట్ కార్డు వేశారు. రింగ్ పోయింది కాబట్టి రెండో ట్రిగ్గర్ వచ్చి మొదటి దాని మీద కూర్చుంది. స్టాక్‌లో పైనున్నదే ముందు రిజాల్వ్ అవుతుంది. అప్పటికి ఎగ్జైల్ అయిన కార్డంటూ ఏదీ లేదు కనుక ఆ రెండో ట్రిగ్గర్ ఉత్తినే అయిపోయింది. ఆ తర్వాత మొదటిది రిజాల్వ్ అయి మీ క్రీచర్‌ను ఎగ్జైల్ చేసింది. రింగ్ పోయినా ట్రిగ్గర్ పోదు మరి. ఇక దాన్ని వెనక్కి తెచ్చే ట్రిగ్గర్ మిగల్లేదు.

పరిష్కారం: ఓపిక పట్టండి. మొదటి ట్రిగ్గర్‌ను రిజాల్వ్ కానివ్వండి, మీ కార్డు ఎగ్జైల్‌కు వెళ్లనివ్వండి, ఆ తర్వాతే డిస్ఎన్‌చాంట్ వేయండి. కౌంటర్‌స్పెల్ (స్పెల్‌ను, అంటే వేసి ఇంకా అమలు కాని కార్డును రద్దు చేసేది) ఉంటే అంతకన్నా ముందే, రింగ్ ఇంకా స్పెల్‌గా స్టాక్ మీద ఉండగానే వాడాలి. అది బాటిల్‌ఫీల్డ్‌లోకి వచ్చాక మామూలు కౌంటర్‌స్పెల్ దండగే.

రింగ్ మీదైతే ఇదే మీకు ఆయుధం. మొదటి ట్రిగ్గర్ స్టాక్ మీద ఉండగా, ఏదో ఒక ఇన్‌స్టంట్‌తో (ఎప్పుడైనా వేయగల కార్డుతో) రింగ్‌ను చేతికి తీసుకున్నా, దాన్ని శాక్రిఫైస్ చేసినా (మీరే వదులుకున్నా) టార్గెట్ శాశ్వతంగా పోతుంది. చేతికి తీసుకుంటే ఇంకా మేలు, అదే రింగ్‌ను మళ్లీ వేయొచ్చు.

బానిషింగ్ లైట్ అనే ఇలాంటి మరో కార్డుతో ఈ ఎత్తు పారదు. 2014లో వచ్చిన ఆ కార్డు తాను బాటిల్‌ఫీల్డ్ వదిలేదాకా మాత్రమే ఎగ్జైల్ చేస్తుంది. ట్రిగ్గర్ రిజాల్వ్ కాకముందే అది వెళ్లిపోతే ఎగ్జైల్ అసలు జరగదు. రెండూ ఒకటే అనుకుని డెక్‌లో ఒకదానికి బదులు మరొకటి పెట్టేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

సమస్య: ఎదుటివాళ్ల టేబుల్ మీద ల్యాండ్లు తప్ప ఏమీ లేవు. రింగ్ వేస్తే నా సొంత క్రీచరే పోయింది.

మొదటి ట్రిగ్గర్‌లో ఇష్టమైతే చేయొచ్చు అన్న వెసులుబాటు లేదు. టార్గెట్ చేయదగ్గది మీ దగ్గర మాత్రమే ఉంటే దాన్నే ఎంచుకోవాలి. వేసే ముందు ఎదుటి టేబుల్‌ను సరిగ్గా లెక్కపెట్టండి. హెక్స్‌ప్రూఫ్ ఉన్నవీ (ఎదుటివాళ్లు టార్గెట్ చేయలేనివి), తెలుపు నుంచి ప్రొటెక్షన్ ఉన్నవీ (తెల్ల కార్డులు టార్గెట్ చేయలేనివి) లెక్కలోకి రావు. మ్యూటవాల్ట్ క్రీచర్‌గా మారినా ల్యాండే, దాన్నీ టార్గెట్ చేయలేరు. ఇన్‌డిస్ట్రక్టిబుల్ (నాశనం చేయలేనిది) అయితే భయం లేదు, ఎగ్జైల్‌ను అది ఆపదు.

ఇంకో తప్పు: రింగ్‌ను చేతిలోంచి వేస్తూనే టార్గెట్ చెప్పేయడం. స్పెల్‌కు టార్గెట్ లేదు. రింగ్ వచ్చి ట్రిగ్గర్ స్టాక్ మీదికెక్కేటప్పుడే చెప్పాలి. ముందే నోరు జారితే రింగ్‌ను కౌంటర్ చేయాలో వద్దో ఎదుటివాళ్లకు మీరే చెప్పినట్టు.

సమస్య: తిరిగొచ్చిన కార్డు మునుపటిలా లేదు.

ఉండదు. నియమాల లెక్కలో అది కొత్త వస్తువు. దాని మీదున్న కౌంటర్లు (గుర్తు బిళ్లలు), ఆరాలు (దానికి తగిలించిన ఎన్‌చాంట్‌మెంట్‌లు) పోతాయి. క్రీచర్ వచ్చిన టర్న్‌లో దాడి చేయలేదు, హేస్ట్ (వచ్చిన వెంటనే దాడి చేసే శక్తి) ఉంటే తప్ప. ప్లేన్స్‌వాకర్ కార్డు తన మొదటి లాయల్టీ అంకెతో వస్తుంది. ఖర్చులో ఎక్స్ (వేసేవాళ్లు ఎంచుకునే అంకె) ఉన్న హైడ్రా క్రీచర్లకు ఎక్స్ సున్నా అవుతుంది, కొన్ని అడుగుపెట్టగానే చచ్చిపోతాయి. మరోవైపు, బాటిల్‌ఫీల్డ్‌లోకి వచ్చినప్పుడు పనిచేసే ఎబిలిటీ ఉన్న కార్డైతే దాన్ని మళ్లీ వాడుకుంటుంది. అలాంటి వాటిమీద రింగ్ వేసే ముందు ఆలోచించండి. టోకెన్‌లు (కార్డులు కాకుండా ఎఫెక్ట్‌లు సృష్టించే పర్మనెంట్‌లు) తిరిగిరావు, ఎగ్జైల్‌కు వెళ్లిన వెంటనే ఉనికి కోల్పోతాయి. కమాండర్‌ను (కమాండర్ ఫార్మాట్‌లో డెక్‌కు నాయకుడైన కార్డును) ఓనర్ దాని ప్రత్యేక స్థానమైన కమాండ్ జోన్‌కు మార్చుకుంటే రింగ్ పోయినప్పుడు అది బాటిల్‌ఫీల్డ్‌కు రాదు.

సమస్య: టేబుల్ మీద రెండు రింగ్‌లున్నాయి, ఏది దేన్ని పట్టుకుందో మర్చిపోయాం.

ఏ రింగ్ ఎగ్జైల్ చేసిన కార్డును ఆ రింగే తెస్తుంది. అందుకే ఎగ్జైల్ చేసిన కార్డును ఆ రింగ్ కిందే పెట్టండి, విడిగా కుప్పలో వేయొద్దు.

మూడు రింగ్‌లు చేరితే వింత పరిస్థితి రావచ్చు. ల్యాండ్ కాని పర్మనెంట్‌లు రింగ్‌లు తప్ప ఇంకేవీ లేకపోతే, రెండోది మొదటిదాన్ని, మూడోది రెండోదాన్ని ఎగ్జైల్ చేస్తాయి. మొదటిది తిరిగొచ్చి మూడోదాన్ని పట్టుకుంటుంది, రెండోది తిరిగొస్తుంది, ఇలా తిరుగుతూనే ఉంటుంది. అన్నీ తప్పనిసరి ట్రిగ్గర్లే కాబట్టి ఎవరూ మధ్యలో తెంచలేకపోతే ఆట డ్రా. గెలుపు దగ్గర్లో ఉంటే మూడో రింగ్‌ను చేతిలోనే ఉంచుకోండి. ఓటమి ఖాయమైతే మాత్రం నిస్సంకోచంగా వేసేయండి.