చేప గుహలోకి పోదు, పోతే బయటికి రాదు: ఇంట్లో చేసిన గుహల తిప్పలు

పగిలిన పూలకుండీ, కొబ్బరి చిప్ప, ప్లంబర్ వదిలేసి పోయిన పైపు ముక్క. అక్వేరియంలో చేపలు దాక్కోవడానికి గుహ చేయాలంటే ఇవి చాలు. తయారు చేయడం అరగంట పని. అసలు తిప్పలు అది నీళ్లలోకి దిగాకే మొదలవుతాయి. అర్జెంటు విషయంతోనే మొదలుపెడదాం.

చేప కన్నంలో ఇరుక్కుపోయింది

పూలకుండీ అడుగున నీళ్లు కారడానికి ఒక కన్నం ఉంటుంది కదా, తొంభై పాళ్లు దోషం దానిదే. మనకు అది కుండీ అడుగు, చేపకు మాత్రం గుహకున్న రెండో తలుపు. తల పట్టిందంటే ఒళ్లు కూడా పడుతుందనుకుని తోసుకుపోతుంది, మొప్పల దగ్గర ఆగిపోతుంది.

మా ఇంట్లో నాలుగు అంగుళాల సక్కర్ (గాజుకు నోటితో అతుక్కుని పాచి నాకే చేప) ఇలాగే ఇరుక్కుంది. నేను చేసిన మొదటి పని తోక పట్టి లాగడం. అదే పెద్ద తప్పు. సక్కర్, క్యాట్‌ఫిష్ జాతులకు పక్క రెక్కల మొదట్లో గట్టి ముల్లు ఉంటుంది. భయపడగానే దాన్ని విప్పి బిగిస్తాయి. గాలికి తిరగబడ్డ గొడుగును ఇరుకు తలుపులోంచి వెనక్కి లాగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

చేయాల్సింది ఇది. బకెట్లో ట్యాంకు నీళ్లే పోసి, కుండీని చేపతో సహా అందులోకి దించండి. చేప నీళ్లలోనే ఉండాలి. కటింగ్ ప్లేయర్‌తో కుండీ అంచు నుంచి చిన్న చిన్న ముక్కలుగా కొరుక్కుంటూ కన్నం వైపు రండి. సుత్తి మాత్రం వద్దు. మా సక్కర్ బయటపడడానికి పావుగంట పట్టింది, పక్కలు కాస్త గీసుకుపోయాయి. విడిగా శుభ్రమైన నీళ్లలో ఉంచితే కోలుకుంది.

ఇది మళ్లీ జరగకూడదంటే, ప్రతి కన్నమూ మీ ట్యాంకులో అన్నిటికంటే లావుగా ఉన్న చేప సులువుగా దూరేంత పెద్దదిగా ఉండాలి, లేదా ఏ చేప తలా పట్టనంత చిన్నదిగా ఉండాలి. మధ్యస్థంగా ఉంటేనే ప్రమాదం. కన్నాన్ని పెద్దది చేయాలంటే కుండీని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు హాక్సా బ్లేడుతో కోయండి. నానిన మట్టి దుమ్ము లేపదు, పగలడం కూడా తక్కువ. కోసిన అంచును శాండ్ పేపర్‌తో రుద్ది, వేలితో చుట్టూ తడిమి చూడండి. మీ వేలికి గుచ్చుకున్నది గోల్డ్‌ఫిష్ రెక్కను చింపకుండా ఉండదు. ఇంకోటి, చేపలు పెరుగుతాయి. ఆర్నెల్ల క్రితం సరిపోయిన కన్నం ఇవాళ సరిపోకపోవచ్చు.

గుహ పెట్టిన వారానికి చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి

ముందు గుహను బయటికి తీసేయండి. పావు వంతు నీళ్లు మార్చి, గాలి పంపు పెంచండి. కారణం తర్వాత వెతకొచ్చు.

నీళ్లు మసకగా ఉండి వాసన వస్తుంటే లోపల ఏదో కుళ్లుతున్నట్టు. కొబ్బరి చిప్ప అయితే లోపలి కొబ్బరి పూర్తిగా గీకలేదన్నమాట. కంటికి కనిపించని పొర చాలు అమ్మోనియా పుట్టడానికి. చెంచాతో శుభ్రంగా గీకి, బయటి పీచు కూడా తీసేసి, పది పదిహేను నిమిషాలు మరిగించి వాడండి. చిప్పను మరిగించొచ్చు కదా అని రాళ్లను మాత్రం మరిగించకండి. లోపల చిక్కిన తేమ వేడికి ఉబ్బి రాయి పేలే ప్రమాదం ఉంది.

నీళ్లు తేటగానే ఉండి చేపలు మాత్రం డల్‌గా ఉంటే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, ఏడు అంటే మధ్యస్థం) చూడండి. ఎనిమిది దాటి ఇంకా ఎక్కుతోందంటే సున్నం దిగుతోంది. అది సిమెంటుతో కట్టిన గుహ నుంచి కావచ్చు, రాయి నుంచైనా కావచ్చు. తాండూరు నాపరాయి, బేతంచెర్ల బండ, నల్లటి కడప బండ, మన ఇళ్లలో పరిచే ఇవన్నీ సున్నపురాళ్లే. ఇల్లు కట్టగా మిగిలిన ముక్కలు చదునుగా, పేర్చడానికి వీలుగా ఉంటాయి కాబట్టి అందరి చెయ్యీ వాటి మీదికే పోతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ నీళ్లలో ఉన్న కాస్త అమ్మోనియా కూడా మరింత విషమవుతుంది. అందుకే నీళ్లు చూడడానికి బాగున్నా చేపలు నలుగుతాయి.

మీ దగ్గరున్న రాయి ఏదో తెలియకపోతే మేకుతో గట్టిగా గీకండి. తెల్లటి పొడి రాలుతుంది. దాని మీద రెండు చుక్కల వెనిగర్ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. సోడా మూత తీసినప్పటి చప్పుడు సన్నగా వినిపించినా, బుడగలు కనిపించినా సున్నపురాయే. గ్రానైట్ అయితే ఉలకదు పలకదు.

సున్నపురాయిని పారేయనక్కర్లేదు. మలావి సరస్సు జాతి ఆఫ్రికన్ సిక్లిడ్లకు, మాలీ చేపలకు గట్టి నీళ్లే, అంటే సున్నం ఎక్కువున్న నీళ్లే ఇష్టం. సున్నం తక్కువున్న నీళ్లు కోరే నియాన్ టెట్రా, డిస్కస్ చేపలున్న ట్యాంకులో మాత్రం వద్దు, మీరు పోసేది బోరు నీళ్లయితే అసలే వద్దు. రాయిని లోపలే ఉంచి పీహెచ్ తగ్గించే మందు పోయడం దండగ. ఇవాళ దిగుతుంది, రెండ్రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది, ఆ ఊగిసలాటకే చేపలు పోతాయి. సిమెంటు గుహ అయితే నెల, నెలన్నర బకెట్లో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తూ పీహెచ్ నిలకడగా ఉందని తేలాకే ట్యాంకులో పెట్టాలి. నన్నడిగితే అంత ఓపిక ఉన్నవాళ్లు తక్కువ, మట్టికుండీ నయం.

సిలికాన్‌తో అతికించారా? బాత్రూముల కోసం అమ్మే రకంలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు పడదు. అక్వేరియంకు పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనండి, పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే వారం రోజులు, ఆరనివ్వండి.

నీళ్లు టీ రంగుకు మారాయి, చిప్ప మీద తెల్లగా జిగురు పట్టింది

రెండూ భయపడాల్సినవి కావు. రంగు చిప్పలోంచి, కర్రలోంచి దిగే టానిన్ అనే వగరు పదార్థానిది, నీళ్లు మారుస్తుంటే పోతుంది. జిగురును పాత టూత్‌బ్రష్‌తో రుద్దేయండి. సక్కర్ ఉంటే ఆ శ్రమ కూడా అక్కర్లేదు, అదే నాకేస్తుంది.

రాళ్ల గుహ కూలిపోయింది

ఇసుక మీద పేర్చి ఉంటారు. సిక్లిడ్లు ఇసుక తవ్వుతాయి, పునాది కదులుతుంది. ఇసుక పక్కకు జరిపి అడుగు రాళ్లను గాజు మీదే ఆనించి, చుట్టూ ఇసుక పోయండి. పైరాయిని సిలికాన్‌తో అతికించండి. కూలిన రాయి చేప మీద పడ్డా, గాజు మీద పడ్డా నష్టమే.

ఇంత కష్టపడి చేస్తే ఒక్క చేపా లోపలికి పోవడం లేదు

పెట్టి ఎన్నాళ్లయింది? రెండు మూడు రోజులే అయితే ఆగండి. వారం దాటినా పోకపోతే గుమ్మం ఎటువైపు ఉందో చూడండి. మనకు కనిపించాలని గుమ్మాన్ని ముందు గాజు వైపు, లైటు సూటిగా పడేలా పెడతాం. చేపకు కావలసింది చీకటి. పక్కకు తిప్పి, ముందు ఒక మొక్క అడ్డం పెట్టండి. గుమ్మం మరీ పెద్దదైనా నచ్చదు. ఒళ్లు గోడలకు తగిలీ తగలనట్టుంటేనే వాటికి ధైర్యం.

గుహ ఒక్కటే ఉంటే ట్యాంకులో దాదాగిరీ చేసే చేప ఆక్రమించి, మిగతావాటిని రానివ్వదు. చేపల లెక్కకు ఒకటి ఎక్కువే ఉండేలా, ఒకదాని నుంచి ఇంకోటి కనిపించకుండా పెట్టండి. ఒకే గుమ్మం ఉన్న గుహలో బలహీనమైన చేపను మూలకు నెట్టి కొడతాయి, అందుకే గొడవలున్న ట్యాంకుకు రెండు వైపులా తెరిచిన పైపు ముక్క మేలు.

నిన్నటిదాకా బాగున్న చేప ఇవాళ గుమ్మం దగ్గరే కాపు కాస్తోంది, చెయ్యి పెడితే మీదికొస్తోంది

కాన్విక్ట్ సిక్లిడ్ లాంటివైతే టార్చి వేసి గుహ లోపలి గోడలు, పైకప్పు చూడండి. సగ్గుబియ్యంకన్నా చిన్న గుడ్లు వరసగా అంటుకుని ఉంటాయి. ఒక వారం పాటు ఆ గుహ జోలికి పోకండి, ఆ మూల ఇసుక శుభ్రం చేయడం కూడా మానేయండి.