పాత పెల్లెట్ స్టవ్ కొనే ముందు

మిన్నెసోటా చలికి పాత పెల్లెట్ స్టవ్ (చెక్కపొట్టును నొక్కి చేసిన చిన్న గింజల్ని కాల్చి ఇల్లు వేడిచేసే పొయ్యి) కొంటున్నారా? డబ్బు చేతిలో పెట్టకముందే ఇవి చూడండి.

• ముందు వెలిగించి చూపించమనండి. అరగంటైనా మండనివ్వండి. గింజల్ని మంటలోకి తోసే ఆగర్ ఇరుక్కోకుండా తిరగాలి. పొగను బయటికి నెట్టే ఫ్యాన్ గరగరలాడితే మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

• స్టవ్ చల్లారాక తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారివస్తే సీలు అరిగినట్టే.

• మొక్కజొన్న వాడాలంటే తయారీదారు ఒప్పుకున్న మోడలే తీసుకోండి. మొక్కజొన్న బూడిద గట్టి గడ్డలు కడుతుంది. గింజ బాగా ఎండి ఉండాలి.

• లేబుల్, మాన్యువల్ లేనిది నేనైతే కొనను. గోడకు ఎంత ఎడం ఉంచాలో చెప్పేవి అవే.

• కరెంటు పోతే స్టవ్ ఆగుతుంది. బ్యాటరీ బ్యాకప్ చూసుకోండి.

• కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా ఒక్క రాత్రి కూడా వెలిగించకండి.